ఏ దేవుడి పేరూ లేని ప్రార్థన

ఇంటర్నెట్ తొలిరోజుల గురించి చెప్పమంటే మా వయసువాళ్లంతా మురిసిపోతారు. మోడెమ్ పెట్టే కీచుమూలుగుల్ని నోటితో చేసి చూపిస్తారు. నెట్ సెంటర్లో ప్లైవుడ్ చెక్కల మధ్య ముడుచుకుని కూర్చున్న సంగతి చెప్పి నవ్వుతారు. అప్పట్లో ఎంత మంచివాళ్లుండేవారో, ఎంత మర్యాదగా రాసుకునేవారో అని నిట్టూరుస్తారు. నాకు మాత్రం ఆ మాట వినగానే ఒళ్లు మండుతుంది. ఆ మర్యాదస్తుల మధ్య మా అమ్మకు జరిగింది నేను కళ్లారా చూశాను.

మాది కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నాన్న రైల్వేలో గుమాస్తా, అమ్మ మిషన్ స్కూల్లో టీచరు. తార్నాకలో మా వీధిలో ఆదివారం చర్చి నుంచి వచ్చి చేపల పులుసు తినే ఇళ్లు సగం, శనివారం ఉల్లిపాయ ముట్టని ఇళ్లు సగం ఉండేవి. యాస మాత్రం అందరిదీ ఒకటే. గోడల మీదుగా గోంగూర అటూ ఇటూ వెళ్లేది. ఎవరు ఎవరన్నది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆ అనకపోవడాన్నే మర్యాద అనుకుంటూ పెరిగాను.

పెళ్లికి ముందు అమ్మ బుర్రకథ చెప్పేది. మధ్యలో తను, భుజాన తంబుర, బొటనవేలికి తాళం వేసే అందె. కుడిపక్క గుమ్మెట వాయిస్తూ ఒక వంత, ఎడమపక్క ఇంకో వంత. కుడిపక్క ఉండేది రాజకీయం వంత: ఊరి సంగతులూ దేశం సంగతులూ కథలోకి లాగుతుంది. ఎడమపక్క ఉండేది హాస్యం వంత: కథ బరువెక్కినప్పుడల్లా ఓ చురక వేసి జనాన్ని నవ్విస్తుంది. అమ్మకి రాజకీయం చెప్పింది తనతో పాటు పనిచేసిన టీచరమ్మ, తర్వాత మల్కాజ్‌గిరిలో స్థిరపడింది, మాకు పిన్ని. హాస్యం చెప్పింది మా మేనమామ భార్య. ఆ అత్తయ్య విద్యానగర్‌లో కొడుకు దగ్గర ఉండేది. ముగ్గురూ కలిస్తే మా ఇంట్లో కాఫీ చల్లారిపోయేది, ఎవరి మాటా పూర్తయ్యేది కాదు.

నేను యూనివర్సిటీలో కెమిస్ట్రీలో పరిశోధన చేస్తున్న రోజులవి. నా స్నేహితుడొకడు కంప్యూటర్ల వైపు ఉండేవాడు. వరంగల్ దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు, ఒగ్గు కథలు వింటూ పెరిగినవాడు. కాంటీన్‌లో ఓ రోజు అమ్మ కథలు చెప్తుంటే చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఏందే నువ్వు, ఇంట్ల గింత పెట్టుకుని నాకు కెమిస్ట్రీ చెప్తున్నవ్? మెయిల్ గ్రూపు ఒకటి పెడదాం. బుర్రకథకు. ఎక్కడెక్కడున్నోళ్లు అందరు గాడ కలుస్తరు. టేపులుంటే ఎక్కిద్దాం."

"ఎవరొస్తారు?" అన్నాను.

"ఒక్కడొచ్చినా సాలు. మనిద్దరం ఉన్నం గదా."

అలా మొదలైంది. ఒక మెయిల్ రాస్తే గుంపులో అందరికీ చేరుతుంది, పక్కన పాటలు దాచుకోవడానికి కాస్త చోటు ఉంటుంది. తెలుగు అక్షరాలు అప్పటికి ఎవరి కంప్యూటర్లోనూ సరిగా కనబడేవి కావు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్లం. చదవడానికి నోటితో గొణుక్కోవాలి. డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ వెనక టేప్ రికార్డర్ పిన్ను గుచ్చి, ఫ్యాను కట్టేసి, చెమటలు కక్కుతూ కేసెట్లు ఎక్కించేవాళ్లం. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. క్యాంపస్‌లో దొరకనప్పుడు తార్నాక చౌరస్తాలో నెట్ సెంటర్‌కి పరిగెత్తేవాళ్లం. ఆ నెట్ సెంటర్ భాయ్ మా హెడ్‌ఫోన్లలోంచి వచ్చే గుమ్మెట మోత విని, "క్యా హై మేడమ్ ఇది, షాదీ బ్యాండా?" అనేవాడు. తర్వాత్తర్వాత తనే, "గా జోకులేసే అమ్మ మస్తు నవ్విస్తది, జర స్పీకర్‌ల పెట్టండి" అని అడిగేవాడు.

జనం వచ్చారు. బ్యాంకు ఉద్యోగులు, లెక్చరర్లు, రేడియోలో చేసి మానేసినవాళ్లు, చిన్నప్పుడు తాత భుజం మీద కూర్చుని చూశామనేవాళ్లు. తంబుర ఏ చెక్కతో చేస్తారన్న దానిమీద రోజుల తరబడి వాదించుకునేవాళ్లు. నాకు పరిశోధన కన్నా అదే ముఖ్యమైపోయింది. మా గైడు గారు, "బుర్రకథలో డాక్టరేట్ ఇవ్వనమ్మా" అని ఓసారి నవ్వుతూనే హెచ్చరించారు.

ఆ వచ్చినవాళ్లలో నల్లకుంట పెద్దాయన ఒకరు. ఏదో ప్రభుత్వ శాఖలో పెద్ద హోదాలో రిటైరయ్యారు. ఆయనదీ కోస్తానే, మా అమ్మ పుట్టిన ఊరికి ఎంతో దూరం కాదు. జానపద కళల మీద వ్యాసాలు రాసేవారు. ఆయన ఇంట్లో బీరువాల నిండా కేసెట్లు. ఊళ్లలో మైక్ సెట్లు అద్దెకిచ్చే షాపులవాళ్లు జాతర్లలో రికార్డు చేసి పడేసినవాటిని ఆయన ఏరి తెచ్చుకున్నారు. ఆ పని ఇంకెవరూ చెయ్యలేదు, అది ఒప్పుకోవాలి. ఆయన మెయిల్ వచ్చిందంటే అందరూ లేచి నిలబడినట్టే రాసేవారు. పెద్దవారు కదా, ఇంటికి పెద్దదిక్కు ఉంటే మంచిదని గ్రూపు నడిపే అధికారాలు ఆయనకూ ఇచ్చాం. మెయిల్ ఉంచాలన్నా తీసెయ్యాలన్నా ఆయన చేతిలో పని. ఏకు మేకవడం అంటే ఏమిటో పుస్తకాల్లో చదివానే గానీ అప్పటికి చూడలేదు.

మొదటి తగువు క్రిస్మస్‌కి వచ్చింది. అమ్మవాళ్లు పెళ్లిళ్లయిన చాన్నాళ్లకు ఓసారి చర్చిలో చెప్పిన యేసు పుట్టుక కథ కేసెట్ ఒకటి మా ఇంట్లో ఉండేది. దాన్ని ఎక్కించి, చెప్పింది మా అమ్మ అని రాశాను. సాయంత్రానికి పెద్దాయన మెయిల్ వచ్చింది. అమ్మాయ్, ఏమీ అనుకోవద్దు, ఇది మతప్రచారం, మన గ్రూపు కళ కోసం, దీన్ని పక్కన పెడుతున్నాను అని. అంత తియ్యగా రాశారు, నాకు మొదట కోపం కూడా రాలేదు. రెండోసారి చదివాక వచ్చింది.

బుర్రకథ ఎప్పుడు ప్రచారం కాలేదు? కుటుంబ నియంత్రణ మీద బుర్రకథ చెప్పారు. మలేరియా దోమల మీద చెప్పారు. చిన్నమొత్తాల పొదుపు మీద, ఎన్నికల్లో నిలబడ్డ ప్రతివాడి గుర్తు మీద చెప్పారు. పెద్దాయన స్వయంగా ఎక్కించిన వాటిలో కోళ్ల పెంపకం మీద ఒకటుంది, అందరూ ఆహా అన్నారు. కోడి పుడితే కళ, యేసు పుడితే ప్రచారం. ఈ మాటలే రాసి పంపాను. కేసెట్ పక్కనే ఉండిపోయింది. గ్రూపులో ఒకరిద్దరు నాకు విడిగా రాశారు, మీరన్నది నిజమే కానీ పెద్దవారితో ఎందుకండీ అని. నిజమైనప్పుడు అందరి ముందూ అనడానికేం నొప్పి? ఈ విడిగా రాసేవాళ్లంటే నాకు ఇప్పటికీ పరమ చిరాకు.

అమ్మకు చెప్తే పెద్దగా పట్టించుకోలేదు. "పోనీవే, చర్చిలో చెప్పింది చర్చిలోవాళ్లు విన్నారుగా" అంది.

కొన్నాళ్లకు పెద్దాయన ఒక రికార్డింగు ఎక్కించారు. కరువు కాలంలో దొర ధాన్యపు కొట్టు తెరిపించి ఊరికి పంచిన వీరుడి కథ. చెప్పినవాళ్లు ముగ్గురూ ఆడవాళ్లు. పేర్లు లేవు, "అజ్ఞాత కళాకారిణులు" అని రాశారు. తన బీరువాల్లో ఇంతకు మించింది లేదని ప్రకటించారు. ఎందుకంటే దాని మొదట్లో వచ్చే ప్రార్థన. బుర్రకథ ఎవరు చెప్పినా దేవుడికో దేవతకో దండం పెట్టి మొదలుపెడతారు. ఇందులో ఏ దేవుడి పేరూ లేదు.

కన్నతల్లికి దండమయా, పెంచిన తండ్రికి దండమయా
అచ్చరాలు దిద్దబెట్టిన అయ్యవారికి దండమయా
కూడు పెట్టే నేలకు దండం, కూర్చున్న మీకు దండం
దీపం పట్టి నిలుచున్న అన్నకు మరీ మరీ దండమయా

దీనిమీద పెద్దాయన వరసగా వ్యాసాలు రాశారు. దేవుళ్లు పుట్టకముందటి ప్రార్థన అన్నారు. బౌద్ధమో జైనమో ఈ నేల మీద మిగిల్చిన ఆనవాలు అన్నారు. దీపం పట్టిన అన్న అంటే జ్ఞానజ్యోతి పట్టిన మహాపురుషుడు అన్నారు. మధ్యలో హాస్యం వంత, "కొట్టు తలుపు తీస్తే మన కంట్రోలు బియ్యం కూడా ఇచ్చేస్తారా వదినా?" అని అడుగుతుంది. రేషన్ షాపులో ఇచ్చే కంట్రోలు బియ్యం ఏ బౌద్ధుల కాలంలో ఇచ్చారని ఎవరో అమాయకంగా అడిగితే, అది తర్వాత చేర్చిన ప్రక్షిప్తం అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

కథ నాకూ నచ్చింది. ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి ల్యాబ్‌లో దాన్ని దించి, మళ్లీ కేసెట్ మీదికి ఎక్కించి, తార్నాక తీసుకొచ్చాను. అమ్మ వంటింట్లో దొండకాయలు తరుగుతోంది. టేపు పెట్టాను. మొదటి పాదం రాగానే కత్తిపీట మీంచి లేచి వచ్చింది. నేను ఏమైందని అడిగేలోపు నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"ఇది మేమేనే పిచ్చిదానా! ఇంత గుర్తుపట్టలేదా మీ అమ్మ గొంతు?"

పెళ్లికాకముందు గొంతు అది, సన్నగా, చురుగ్గా ఉంది. పైగా టేపు సాగి ఉంది. అయినా అమ్మ చెప్పాక ఇంకెవరి గొంతనీ అనిపించలేదు. కాసేపటికి నవ్వాపుకుని జరిగింది చెప్పింది. పక్క ఊరి జాతరకు ఏటా వచ్చే బుర్రకథ దళంలో కథకుడికి గొంతు పోయింది. ఊరిపెద్దలు వచ్చి, మీ చర్చి అమ్మాయిలు బాగా చెప్తారట, వీరుడి కథ చెప్పమనండి అని అడిగారు. చర్చి అయ్యగారు సరేనన్నారు గానీ, వేరే దేవుళ్లకు ప్రార్థన పాడొద్దన్నారు. ఊరి ప్రెసిడెంటు సరేనన్నాడు గానీ, మీ దేవుడి పాట మా పందిట్లో ఎత్తొద్దన్నాడు. ప్రార్థన లేకుండా బుర్రకథ మొదలవదు. ట్రాక్టర్ తొట్టిలో కూర్చుని వెళ్తూ, ఎవరూ కాదనడానికి వీల్లేనివాళ్లను వెతికి వెతికి ముగ్గురూ కలిసి కట్టిన పాట అది.

"మరి దీపం పట్టిన అన్న?"

"మా అన్నయ్యేనే, మీ మావయ్య. పెట్రోమాక్స్ లైటు పట్టుకుని నిలబడ్డాడు. గాలి కొట్టడం మానేస్తే కథ చీకట్లో ఆగిపోదూ? అందుకని అన్నయ్యకి ఇంకో రెండు దండాలు ఎక్కువేశాం."

ఆ ఆదివారం పిన్నీ అత్తయ్యా వచ్చారు. టేపు మళ్లీ మళ్లీ తిప్పి విన్నారు. ముగ్గురూ చర్చి నుంచి వచ్చిన చీరలతోనే నేలమీద కూర్చుని, తమ గొంతులతో తామే జత కలిపి పాడారు. అత్తయ్య తన చురక వచ్చేముందు చెయ్యెత్తి, "ఇదిగో నేనొస్తున్నా, వినండి" అనేది. వాళ్ల దళం చర్చి బయట చెప్పిన కథల్లో టేపు మీద మిగిలింది ఇదొక్కటే. ఎక్కడో మైక్ సెట్ షాపులో పడి ఉండి, పెద్దాయన చేతికి చేరి, మా గ్రూపులోకే వచ్చింది. అమ్మ ఒక్కటే కోరింది. "మా ముగ్గురి పేర్లూ దాని కింద రాయించు. అంతే." అంతకంటే న్యాయమైన కోరిక ఈ లోకంలో ఉంటుందా?

అప్పుడే గ్రూపువాళ్లం క్యాంపస్‌లో మొదటిసారి కలుసుకోవాలనుకున్నాం. ఒక డిపార్ట్‌మెంట్ సెమినార్ గది, శనివారం మధ్యాహ్నం. పెద్దాయన ప్రధాన ప్రసంగం, ఆ ప్రార్థన మీదే. మెయిల్లో కంటే ఎదురుగా చెప్తే బాగుంటుందని ముగ్గురినీ తీసుకెళ్లాను. పెద్దాయన సంతోషపడతారనుకున్నాను. తన బీరువాలోని అజ్ఞాత కళాకారిణులు నడిచి ఎదురుగా వస్తే ఎవరు సంతోషపడరు?

ఆయన బాగా మాట్లాడారు. టేపు కాస్త వినిపించి, ఆపి, దీపధారి గురించి వివరించారు. వెనక వరసలో అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "దీపధారా! గాలి కొట్టడం రాక పందిరంతా పొగబెట్టాడు మీ మావయ్య" అని నా చెవిలో అంది. ప్రసంగం అయ్యాక అమ్మ లేచింది. స్కూల్లో ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడింది.

"బాబుగారూ, అది మేమేనండి. మేం ముగ్గురం." ట్రాక్టర్ సంగతి, అయ్యగారి సంగతి, ప్రెసిడెంటు సంగతి అంతా క్లుప్తంగా చెప్పింది.

గదిలో కొందరు చప్పట్లు కొట్టబోయారు. పెద్దాయన చెయ్యెత్తి ఆపారు.

"కూర్చోండమ్మా. ఇలా మాదే అనేవాళ్లు ప్రతి పాటకూ దొరుకుతారు. మీరు బాగా పాడతారేమో, కాదనను. ఎక్కడో విని నేర్చుకుని ఉంటారు. చాలాకాలం పాడాక మనమే కట్టామనిపిస్తుంది. జ్ఞాపకం అలాంటిది."

"జ్ఞాపకం సంగతి సరేనండి, గొంతు సంగతేంటి?" అంది అమ్మ.

"గొంతులు పోలి ఉంటాయి."

"ముగ్గురివీనా బాబూ?" అంది అత్తయ్య.

జనం నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. "ఇది హాస్యాలకు చోటు కాదమ్మా."

"బుర్రకథకు చోటన్నారనే వచ్చామండి, హాస్యం లేకుండా చెప్తారని తెలీదు."

ఇంకా నవ్వారు. అప్పుడు ఆయన అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. కేకలెయ్యలేదు, తిట్టలేదు. నెమ్మదిగా, పిల్లలకు పాఠం చెప్పినట్టు అన్నారు. "పాతవి తీసుకుని మీవిగా మార్చుకోవడం మీ వాళ్లకు అలవాటే కదమ్మా. తప్పనడం లేదు. కానీ మూలం మూలమే."

మీ వాళ్లు. గది నిండా మనుషులున్నారు. లెక్చరర్లున్నారు, కవిత్వం రాసేవాళ్లున్నారు, సమానత్వం గురించి పేజీల కొద్దీ మెయిళ్లు రాసినవాళ్లున్నారు. ఒక్కరికీ నోరు పెగల్లేదు. నా స్నేహితుడొక్కడే లేచాడు.

"సార్, మీ వాళ్లు అంటే ఎవరు సార్? అందరం గీ గ్రూపోళ్లమే గదా. ఆమెను పాడమనండి, గిప్పుడే తేలిపోతది."

"ఇది పోటీ కాదు నాయనా" అని పెద్దాయన కాగితాలు సర్దుకున్నారు.

తర్వాత చాయ్, సమోసాలు. అప్పుడొచ్చారు అందరూ అమ్మ చుట్టూ. అమ్మా, చాలా బాగా చెప్పారండి. అమ్మా, మాకు నమ్మకమేనండి. పెద్దాయన ముందు పుట్టని నమ్మకం సమోసా ముందు పుట్టుకొచ్చింది. అమ్మ అందరికీ వందనాలు చెప్పింది. ఏమీ తినలేదు. తార్నాక దాకా ముగ్గురూ నడిచే వచ్చారు. ఆ ముగ్గురూ మాట్లాడకుండా నడవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "అక్కడ అంతమంది ఉన్నారు కదే, వంత అన్నవాడు ఒక్కడు లేడా? తర్వాతేమైందని అడిగేవాడు?" బుర్రకథలో వంతలు అడగకపోతే కథ ముందుకు పోదు. నిజమైన సభలో ఆ మాట అడిగే దిక్కు లేకపోయింది.

మర్నాడు నేను గ్రూపుకి పెద్ద మెయిల్ రాశాను. జరిగిందంతా, ప్రార్థన ఎలా పుట్టిందో, ఎవరు ఏ పాదం కట్టారో, ముగ్గురి పేర్లూ, ఊరి పేరూ రాశాను. రికార్డింగు కింద ఆ పేర్లు చేర్చమన్నాను. ఒక పూట ఉంది ఆ మెయిల్. సాయంత్రానికి లేదు. దాని చోట పెద్దాయన నుంచి చిన్న గమనిక: నిర్ధారణ కాని విషయాలను సభ్యుల ప్రశాంతత కోసం తొలగించడమైనది. ఎవరి ప్రశాంతత? నేను మళ్లీ పంపాను. ఈసారి అసలు కనపడలేదు. మా ఇద్దరి అధికారాలూ తీసేసి, నా మెయిళ్లు ఆయన చూసి పంపిస్తేనే అందరికీ చేరేలా మార్చేశారు. నేను పెట్టిన గ్రూపులో నా మాటకు ఆయన అనుమతి కావాలి. నా స్నేహితుడు రాసిందీ అలాగే మాయమైంది.

"తాళాలు మనమే ఇచ్చినం గదనే" అన్నాడు వాడు, తార్నాక నెట్ సెంటర్లో కీబోర్డు అవతలకు తోసేసి. "ఇప్పుడు మనింట్ల మనకే తలుపు తియ్యడు. ఇగో, కొత్తది పెడదాం పట్టు."

పెట్టాం. కొందరు వచ్చారు, చూశారు, పోయారు. జనం అక్కడున్నారు, టేపులు అక్కడున్నాయి, పెద్దాయన అక్కడున్నారు. మా మెయిల్ అందుకున్నవాళ్లు కొందరు తమ దగ్గర దాచుకునే ఉంటారు. అడిగితే ఒక్కరూ బయటపెట్టలేదు. గొడవలెందుకండీ, మనకు కళ ముఖ్యం అన్నారు. కళ ముఖ్యమట, కళాకారిణులు కాదట. ఆ మాట రాసినవాడి మొహం నేనెప్పుడూ చూడలేదు, చూసుంటే ఏం చేసేదాన్నో.

అత్తయ్య ఆ రోజు నుంచి టేపు మాట ఎత్తలేదు. ఎవరైనా బుర్రకథ అంటే, "అదెప్పటిదో లెండి" అని పక్కకు తప్పుకునేది. నలుగురి మధ్యా ఎప్పుడూ నవ్వించే మనిషి. ఇంట్లో పిల్లలకు కూడా చెప్పడం మానేసింది. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది అదే. పేరు రాయకపోతే పోయింది, ఆమె నోట్లోంచి ఆ కథను కూడా లాగేసుకున్నారు.

కాలం గడిచింది. పెద్దాయన పోయారు. ఆ గ్రూపులను నడిపిన కంపెనీ వాటిని మూసేసింది, ఉంచిన మెయిళ్లూ తీసేసిన మెయిళ్లూ అన్నీ పోయాయి. రికార్డింగు మాత్రం పోలేదు. ఎవరెవరో దించుకుని దాచుకున్నది వీడియోలుండే చోటికి చేరింది. గుడి గోపురం బొమ్మ ఒకటి పెట్టి, "ప్రాచీన బుర్రకథ, అజ్ఞాత కళాకారిణులు" అని పెట్టారు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఒకరి నుంచి ఒకరు తీసుకుని పెడుతూనే ఉన్నారు. నేను కనపడిన ప్రతిచోటా కింద నిజం రాశాను. వందల నమస్కారాల బొమ్మల మధ్య అది ఎవరికి కనబడుతుంది?

ఈమధ్య అత్తయ్య కన్నుమూసింది. భూస్థాపన అయ్యాక, ఆమెను తలుచుకోవడానికి తార్నాక చర్చిలో ఆదరణ కూటం పెట్టారు. అత్తయ్య మనవరాలు, కొడుకు కూతురు, మా క్యాంపస్‌లోనే చదువుతోంది. నాయనమ్మంటే ప్రాణం ఆ పిల్లకు. మైకు ముందుకొచ్చి ఏడుపు ఆపుకుంటూ మాట్లాడింది.

"మా నాయనమ్మ వయసులో ఉన్నప్పుడు బుర్రకథ చెప్పేదట. నేనెప్పుడూ వినలేదు. అడిగితే చెప్పేది కాదు. నాకు తెలిసి తన రికార్డింగ్ ఒక్కటి కూడా లేదు. ఎలా ఉండేదో మీకు తెలియాలని, ఆ రోజుల్లో వేరేవాళ్లు చెప్పింది ఒకటి వినిపిస్తాను."

ఫోను మైకు దగ్గర పెట్టింది. కన్నతల్లికి దండమయా అని అమ్మ గొంతు చర్చి అంతా వినిపించింది.

నా పక్కన కూర్చున్న అమ్మ, మోకాళ్ల నొప్పితో లేవలేని మనిషి, ముందు బెంచీ పట్టుకుని లేచింది. అవతలి వరసలోంచి మల్కాజ్‌గిరి పిన్ని కూడా లేచింది. ప్రార్థన అయింది, కథ మొదలైంది, ఒక్కో గొంతూ వస్తోంది. గొంతు మారినప్పుడల్లా అది ఎవరిదో అమ్మ చెప్పింది, క్లాసులో హాజరు వేసినట్టు, గట్టిగా. ఇది నేను. ఇది మా స్నేహితురాలు, ఇదిగో నిలబడింది. కంట్రోలు బియ్యం దగ్గరకొచ్చేసరికి అమ్మ ఇంకా గట్టిగా అంది. "అది మీ నాయనమ్మేనమ్మా! విను. అది మీ నాయనమ్మ."

ఆ పిల్ల రికార్డింగు ఆపింది. అయోమయంగా చూసింది. పాస్టరుగారు ఏమనాలో తెలియక ప్రార్థన చేద్దామన్నారు. అందరూ తలలు వంచారు. అమ్మ వంచలేదు, నేనూ వంచలేదు.

భోజనాల దగ్గర ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. ఏడ్చి కళ్లు వాచిపోయాయి. చేతిలో ఫోను అలాగే ఉంది, ఆ పేజీ తెరిచే ఉంది.

"పిన్నీ, ఇందాక అమ్మమ్మ చెప్పింది నిజమేనా? నాకు నిజమైతే బాగుండని ఉంది. కానీ ఇక్కడ అజ్ఞాత అని రాశారు కదా. అన్నిచోట్లా అలాగే ఉంది, చూశాను. నాయనమ్మే అని ఎక్కడన్నా రాసి ఉందా? లింకేమన్నా ఉందా?"

"ఉండేదమ్మా," అన్నాను. "తీసేశారు."